పటానికి దొరకని ఇల్లు

3 మార్చి 1991, ఆదివారం

ఈ డైరీ జనవరిలో యూనియన్ వాళ్లు పంచింది. రెండు నెలలు దాని మొహం చూడలేదు. ఈ రోజు తెరిచానంటే కారణం ఉంది. ఎవరో దారినపోయే ముసలాయన మా నాయిన చచ్చిపోయాడని నాకే చెప్పి వెళ్లాడు. ఆ కోపం ఎక్కడో ఒకచోట కక్కాలి.

పొద్దున పదింటికి నల్లా దగ్గర బిందె తోముతున్నాను. తెల్ల తలపాగా, మోకాళ్ల దాకా ధోవతి, భుజం మీద గుడ్డలో చుట్టిన పొడుగాటి కట్ట. చాపలమ్మే ఆయన అనుకున్నాను.

“బిడ్డా, గీ లైన్ల ఆడెపు రాయమల్లు ఇల్లు ఏది?”

“గా పేరోళ్లు ఎవ్వలు లేరు తాతా.”

“సాలోళ్ల ఇండ్లు ఏమన్న ఉన్నయా?”

“మాదే. మేం కొలిపాకోళ్లం. మా నాయిన పేరు కొలిపాక సదయ్య.”

ఆయన కట్ట దించి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. “కొలిపాకోళ్లయి మూడే ఇండ్లు. మూడూ నాకు ఎర్కనే. సదయ్య నాగ్‌పూర్ దిక్కు పోయి ఆడ్నే సచ్చిపాయె. పదేండ్లాయె. ఆయనకు పెండ్లి గూడ గాలే బిడ్డా.”

నా ఒళ్లు మండింది. “మా నాయిన పొద్దుగాలనే డ్యూటీకి పోయిండు. సచ్చినోనికి డ్యూటీ ఎవడిస్తడు?” అన్నాను. ఆయన కట్ట ఎత్తుకుని పక్క లైన్ వైపు వెళ్లాడు.

నేను పుట్టింది ఈ లైన్‌లోనే. పదిహేను క్వార్టర్లలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో వాసన చూసి చెప్పగలను. నాకు తెలియకుండా ఇక్కడ రాయమల్లు ఎక్కడి నుంచి వస్తాడు?

సాయంత్రం నాయిన స్నానం చేసి అన్నానికి కూర్చున్నప్పుడు ఇదంతా నవ్వుతూ చెప్పాను. నాయిన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. “ఏ దిక్కు పోయిండు?” అని మాత్రం అడిగాడు. నేను నవ్వమని చెబితే ఆయన దారి అడుగుతాడేమిటి? అమ్మ ఉన్నట్టుండి పప్పులో ఉప్పు ఎక్కువైందని గొణిగింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

5 మార్చి

నాయిన డ్యూటీకి నాగా పెట్టాడు. తలనొప్పి అట. ఇరవై ఆరేళ్లలో టైఫాయిడ్ వచ్చినప్పుడు తప్ప ఆయన నాగా పెట్టలేదు. బొగ్గుబాయిలో టబ్బులను పైకి లాగే ఇనుప హాలేజీ తాడు తెగితే అతకడానికి ఆయనే కావాలని బాయి దొరలు ఇంటికి జీపు పంపిన రోజులున్నాయి. అలాంటి మనిషి వీధి కిటికీ మూసుకుని మంచం మీద కూర్చున్నాడు.

6 మార్చి

సదయ్య అనే పేరు లోకంలో వందమందికి ఉంటుంది. దీని గురించి ఆలోచించడం మానేశాను.

7 మార్చి

మానలేదు.

9 మార్చి

అమ్మ గురించి నేను గొప్పగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ఈ లైన్‌లో ఆడవాళ్లెవరూ మొగుడి పేరు పలకరు. రేషన్ షాపులో అడిగితే పక్కన ఉన్న పిల్లల చేత చెప్పిస్తారు. మా అమ్మ ఐలవ్వ మాత్రం “కొలిపాక సదయ్య” అని గట్టిగా చెప్పి బియ్యం తెచ్చుకుంటుంది. చదువు రాకపోయినా మా అమ్మకు ఇలాంటి పట్టింపులు లేవని నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్నిసార్లు చెప్పానో.

ఈ రోజు అమ్మ బియ్యం చెరుగుతోంది. నేను బట్టలు మడతపెడుతూ ఊరికే అన్నాను. “అమ్మా, ఆడెపు రాయమల్లు ఎవ్వలే?”

అమ్మ చేట పక్కన పెట్టి కొంగు తల మీదికి లాక్కుంది.

ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యి దానంతట అదే వెళ్లింది. ఎదురింటి సారవ్వ పెద్దమ్మ తన మొగుడి పేరు ఎవరైనా అన్నప్పుడు అచ్చంగా ఇలాగే చేస్తుంది. అమ్మ నన్ను చూసింది, నేను అమ్మను చూశాను. తర్వాత కొంగు తీసేసి మళ్లీ చేట అందుకుంది. కానీ చెరగడం లేదు, ఊరికే ఊపుతోంది.

“అమ్మా, మరి సదయ్య ఎవ్వలు?”

“నన్నడుగకు. మీ నాయిన్నడుగు,” అంది.

12 మార్చి

అడిగాను. మూడు రోజులు వెంటపడ్డాక ఈ రోజు రెండో షిఫ్టుకు వెళ్లే ముందు చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, తర్వాత నాకే అనుమానం రాకుండా.

“అరవై అయిదుల మగ్గం బందయింది. మిల్లు బట్ట వచ్చినంక మన బట్ట ఎవ్వలు కొంటరు? ఈడికొచ్చి పన్నెండు దినాలు బాయి ముంగట కూసున్న. పేర్లు రాసుకునుడు అయిపోయింది పో అన్నరు. గా సదయ్య పక్కూరోడు, మన సాలోడే. రెండు షిఫ్టులు దిగిండు. మూడో దినం లోపట చీకటి జూసి ఒణికిండు. నాతోని గాదని తన పేరు మీది హాజరీ బిల్ల గులాం అలీ చేతుల పెట్టి బస్సెక్కిండు. అలీ నన్ను పిలిచి, బిల్ల ఖాళీగుంది, దిగుతవా అన్నడు. దిగిన.”

“గంతేనా? పేరు గట్లనే ఇడిసిపెట్టినవా?”

“అప్పుడు పేరు తింటమా బిడ్డా.”

గులాం అలీ అంటే మా పక్క క్వార్టర్ అలీ చాచా. అంటే ఈ గోడ అవతల మనిషికి కూడా తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు. సదయ్యది కాగితం మీద నాయిన కంటే ఐదేళ్ల పెద్ద వయసు. వచ్చే డిసెంబర్‌లో రిటైరై దిగిపోవాల్సింది సదయ్య. రాయమల్లుకు ఇంకా ఐదేళ్ల సర్వీసు ఉంది. ఈ మాట అంటే నాయిన నవ్వాడు. నవ్వు అయిపోగానే ఇంకో సంగతి చెప్పాడు. అది నేను అడగలేదు.

మా తాత పేరు ఆడెపు ఓదెలు. డెబ్భై ఒకటిలో పోయాడు. టెలిగ్రాం అలీ చాచా పేరు మీద వచ్చింది. “సెలవు అడగాలంటె ఏమని అడగాలె? సదయ్య తండ్రి బిక్షం కాయితాల మీద ముందుగాలనే సచ్చి ఉన్నడు. ఒక్కనికి ఇద్దరు తండ్రులు సస్తరా?”

“నాగా పెట్టి పోవద్దా నాయినా?”

నాయిన చాలాసేపు చెప్పు వారు సరిచేసుకున్నాడు. “ఆ నెల్లనే మా దాయాది పాలోడు ఒకడు, బాయి కాడికొచ్చి నీ అసలు పేరు చెప్త అని బెదిరిచ్చిండు. భయపడ్డ.”

ఆ రోజు ఆయన షిఫ్టు చేశాడు. మా తాతకు మా మేనత్త మొగుడు తలకొరివి పెట్టాడు. అప్పటి నుంచి నాయిన ఊరికి పోలేదు. కమాన్‌పూర్ అవతల ఆ ఊరు, బస్సులో గంట కూడా పట్టదు. మాకు ఎవరూ లేరని నాకు చెప్పి పెంచారు. నాకు ఒక మేనత్త ఉందట. లస్మవ్వ.

నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

13 మార్చి

ఇది కూడా రాయాలి, లేకపోతే ఈ డైరీ రాయడం దండగ.

పోయిన వానాకాలం ఇన్‌స్టిట్యూట్‌కు ఒకడు చేతిరాత కాగితం తెచ్చాడు. వేరే బాయిలో ఒక కార్మికుడు మారుపేరు మీద పనిచేస్తున్నాడు, విచారణ జరపాలి అని. కింద రాసినవాడి పేరు లేదు. మూడు కాపీలు టైపు కొట్టిచ్చాను. ఒక్క తప్పు లేదు. బాగా కొట్టావని మెచ్చుకున్నాడు కూడా. రెండు నెలలకు ఆ మనిషిని డ్యూటీ నుంచి ఆపేశారని విన్నాను. ఆయన భార్య ఇప్పుడు మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతుంది. నేను ఆ వరుసలోకి వెళ్లడం మానేశాను. అటువైపు వంకాయలు బాగుండవు.

నా పని టైపు కొట్టడం. కాగితంలో ఏముందో చూడటం కాదు.

17 మార్చి, ఉగాది

పచ్చడి బాగుంది. నాయిన ముట్టలేదు.

20 మార్చి

ముసలాయన దొరికాడు! ఎక్కడున్నాడో అలీ చాచా కనుక్కున్నాడు, నస్పూర్‌లో సాలె వాళ్ల ఇంట్లో దిగాడని. ఇన్‌స్టిట్యూట్‌కు సెలవు పెట్టి, రామగుండంలో ప్యాసింజర్ ఎక్కి, మంచిర్యాలలో దిగి వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆపేవాళ్లు, నేను ఆగేదాన్ని కాదు, ఎందుకు అనవసరపు గొడవ.

పేరు కూనపులి నర్సింగం. వాళ్లు తరతరాలుగా సాలె వాళ్లకు పటం చెప్పేవాళ్లు. ఆ రోజు నేను చాప అనుకున్న కట్టే పటం. గుడ్డ మీద వరుసగా బొమ్మలు, మా కులం పుట్టుక దగ్గర నుంచి మొదలు. కథ అయ్యాక ఆ ఇంటి వంశం చెబుతారు. అది బొమ్మల్లో ఉండదు, ఆయన నోట్లో ఉంటుంది.

“తాతా, నేను ఆడెపు రాయమల్లు బిడ్డను,” అన్నాను. ఆ మాట నా నోటితో అనడం మొదటిసారి.

“ఆ పొద్దు కొలిపాకోళ్ల బిడ్డనంటివి.”

“ఇయ్యాల గాదు.”

ఆయన నవ్వి, తాంబూలం నమిలి ఉమ్మేసి వచ్చి, కళ్లు మూసుకుని అందుకున్నాడు. ఎవరి కొడుకు ఎవరో ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. వాళ్లలో ఒకడు మంథని దాకా నడిచి వెళ్లి చీరలు అమ్మాడట. ఒకడు గడీ దొర మీద అలిగి ఆరు నెలలు మగ్గం ముట్టలేదట. నేను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడ్చాను. ఇన్నాళ్లూ నాకు నాయిన ఒక్కడే అనుకున్నాను. ఆయన వెనక ఇంతమంది నిలబడి ఉన్నారని నాకెవరూ చెప్పలేదు.

“ఓదెలు కొడుకు రాయమల్లు,” అని ఆపాడు. “గాడ ఆగుత. ఇరవై ఏండ్ల నుంచి గాడ్నే ఆగుతున్న.”

సంగతి ఇది. మూడేళ్లకోసారి ఆయన మా ఊళ్లో పటం విప్పుతాడు. మనిషి జాడ లేకపోతే, ఆ కొమ్మ నిలిచింది అని చెప్పి పక్క కొమ్మకు పోవాలి. ఒకసారి నిలిచింది అన్నాక మళ్లీ ఆ పేరు ఎత్తరు. ఆయన ఆ మాట అనబోయిన ప్రతిసారీ మా మేనత్త జనంలోంచి లేచి, “ఆగు, నా తమ్ముడు ఉన్నడు” అంటుందట. కుల పెద్దలు ఇన్నాళ్లూ ఆమె మాట విన్నారు. వచ్చే వైశాఖంలో మాత్రం వినం అని చెప్పేశారు. రాయమల్లు ఉన్నాడంటే పటం ముందర పిలిస్తే తన నోటితో పలకాలి. లేదంటే నిలిచింది అనాల్సిందే. అందుకే ఆ రోజు నాయిన కోసం బాయి లైన్లు వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడట.

“పటం ఏడ విప్పినా సరేనా?”

“సరే. నలుగురు సాలోళ్లు ఉండాలె. ఇంటి ఆడబిడ్డ ఉండాలె.”

“అయితె మా లైన్ల విప్పు. ఏప్రిల్ ఇరవై ఒకటి, ఆదివారం. మా అత్తను నువ్వే తోలుకరా. ఇంకోటి, మా నాయిన తర్వాత నా పేరు చెప్పాలె.”

“ఆడపిల్లల పేర్లు వంశంల రావు బిడ్డా.”

“మా అత్త ఇరవై ఏండ్ల సంది నీ పటం ఆపుతాంది. ఆడపిల్ల ఆపంగ వచ్చింది గని పేరు రాదా?”

ఆయన బొమ్మలు చూపించే కట్టె కింద పెట్టి నన్ను చూశాడు. “ఓదెలు నోరే వచ్చింది నీకు,” అన్నాడు. పేరు సంగతి మాత్రం ఒప్పుకోలేదు. తేదీ ఖాయం చేసుకుని వచ్చేశాను.

21 మార్చి

నాయిన నా మీద ఎప్పుడూ అరవలేదు. ఈ రోజు అరిచాడు.

“పిలిచి వచ్చినవా? ఎవ్వలనడిగి?”

“సదయ్యనడిగితె ఒద్దంటడు. రాయమల్లునడుగుదామంటె దొరుకడు. అందుకే నేనే ఖాయం చేసిన.”

“నవ్వులాటనా? లైన్ల అందరు ఇంటరు. ఒక్కడు కాయితం పెడితె చాలు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. తొమ్మిది నెలల్ల ఇజ్జత్‌తోని దిగిపోదామనుకున్న. ఇరవై ఆరేండ్ల కష్టం మట్టిల కలుపుతవా?”

ఒక్కడు కాగితం పెడితే ఏమవుతుందో ఈ ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.

26 మార్చి

నాయినా నేనూ మాట్లాడుకోవడం లేదు. అమ్మ మధ్యలో అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తోంది.

30 మార్చి

అలాగే ఉంది. ఆయనే ముందు మాట్లాడాలి. నేను ఓడిపోయే రకం కాదు.

2 ఏప్రిల్

నేనే మాట్లాడాను. అయినా దీన్ని ఓడిపోవడం అనరు.

రంజాన్ నెల కదా, పొద్దుగూకగానే అలీ చాచా ఉపవాసం విడిచి, సుల్తాన్ బీ చాచీ పంపిన పకోడీల గిన్నెతో మా ఇంటికి వచ్చాడు. రోజంతా నీళ్లు కూడా ముట్టకుండా బాయిలో పనిచేసిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

“క్యా సదయ్యా, బిడ్డతోని మాట బంద్ చేసినవంట? అరే, నీకు ఆ పేరు పెట్టినోన్ని నేను. తీసేస్తందుకు నాకు హక్ లేదా?”

“నీకేంది అలీ, నీ పేరు నీకున్నది.”

“నాకు ఎర్కలేదా ఏంది? ఈ లైన్ల పదిహేను ఇండ్లు. నీ అసుంటోళ్లు ఇంకా ఐదుగురు ఉన్నరు. పేర్లు చెప్పాల్నా? ఒద్దు. ఎవడు ఎవని మీద అర్జీ పెడతడు? నేను ఇంటింటికి పోయి చెప్త, విన్నది ఆడ్నే ఇడిసిపెట్టుండ్రి అని.”

“పక్క లైనోడు పెడతడు,” అన్నాడు నాయిన.

చాచా పకోడీ నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. “పెట్టొచ్చు. పెట్టడని నేను ఒట్టెయ్య,” అన్నాడు. అందుకే చాచా అంటే నాకు ఇష్టం, లేని ధైర్యం చెప్పడు.

అప్పుడు నేను నోరు విప్పాను. పన్నెండు రోజులుగా మాటల్లేవు కాబట్టి నస్పూర్‌లో విన్న అసలు సంగతి నాయినకు చెప్పనే లేదు. మేనత్త ఇరవై ఏళ్లుగా జనంలోంచి లేచి నిలబడి ఏమంటోందో చెప్పాను. “ఆగు, నా తమ్ముడు ఉన్నడు” అని.

నాయిన ముందు నమ్మలేదు. “అక్కనా? నా పేరు ఎత్తుతదా?” అన్నాడు. తండ్రికి కొరివి పెట్టడానికి రాని తమ్ముడిని ఆమె మనసులోంచి తీసేసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. చాచా గిన్నె అక్కడే పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లాడు. అమ్మ పెరటి తలుపు దగ్గరికి వెళ్లి, బయటికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడింది.

3 ఏప్రిల్

పొద్దున నాయిన టీ తాగుతూ గోడను చూస్తూ అడిగాడు. “అక్క నిజంగ వస్తదా?”

“వస్తది.”

“ఆదివారం తాళ్ల పని ఉంటది. లీవు అడగాలె,” అన్నాడు.

హాలేజీ ఆగేది ఆదివారమే కాబట్టి తాళ్ల మరమ్మతు అంతా ఆ రోజే. ఇరవై ఆరేళ్లలో నాయిన చేతులారా వదులుకున్న ఆదివారం ఒక్కటి లేదు.

11 ఏప్రిల్

ఇన్‌స్టిట్యూట్‌కు పోయినేడాది మనిషే మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకో బాయిలో ఇంకో మనిషి, అదే మారుపేరు సంగతి. మా నాయిన కాదు, ముందు అదే చూశాను. చూసినందుకు సిగ్గేసింది. కాగితం ఆయన చేతిలో పెట్టాను.

“మిషన్ ఖరాబయిందా?” అన్నాడు.

“మిషన్ మంచిగనే ఉంది. నేను కొట్ట,” అన్నాను.

“నీకెందుకమ్మా, నీ పని టైపు కొట్టుడే గద?”

ఆయన అన్నది నా మాటే. నా నోట ఎంత తెలివిగా వినిపించేదో, ఆయన నోట అంత నీచంగా వినిపించింది. ఆయన ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో కొట్టించుకుంటాడు, తెలుసు. సాయంత్రం మార్కెట్‌లో ఆ వరుసకు వెళ్లాను. ఆమె దగ్గర వంకాయలు కొన్నాను. నేనెవరో ఆమెకు తెలియదు. చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. వంకాయలు బాగానే ఉన్నాయి.

19 ఏప్రిల్

అత్త వచ్చింది.

నర్సింగం తాత వెనక చిన్నగా, ఎండిన చెరుకు గడలా నడుచుకుంటూ వచ్చింది. నాయిన గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్లు మొక్కుతాడనుకున్నాను, కౌగిలించుకుంటాడనుకున్నాను. రెండూ చేయలేదు. తల దించుకుని, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. అత్త దగ్గరికి వచ్చి ఆయన కుడి చెయ్యి పట్టుకుని వేళ్లు తిప్పి తిప్పి చూసింది.

“గివేం చేతులురా? నూలు పట్టిన చేతులు ఇనుపవి జేసుకున్నవ్,” అంది.

అప్పుడు ఏడ్చాడు నాయిన. అత్త ఏడవలేదు. “బాపు పోయేటప్పుడు నిన్ను తిట్టలేదురా,” అంది. “వాడు రాడు, వానికి సెలవియ్యరు, మీరు కానియ్యుండ్రి అన్నడు. నీకు చెప్దామంటె టెలిగ్రాం ఇచ్చిన అడ్రసు పోగొట్టుకుంటిమి, నువ్వు ఏ పేరు మీద ఉన్నవో మాకేం ఎర్క?” ఇరవై ఏళ్లు ఆయన మోసిన బరువు మా అత్త గుమ్మంలోనే నిలబడి ఇలా దించేసింది. నేనైతే దీన్ని గంటసేపు చెప్పేదాన్ని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయిన తన పని గురించి చెప్పాడు. మాకు ఎప్పుడూ చెప్పని విధంగా చెప్పాడు. తెగిన ఇనుప తాడు రెండు కొసలూ విప్పి, పురి వెంట పురి, ఒక దాంట్లోకి ఒకటి ఎలా దూర్చాలో కొబ్బరి తాడు తెచ్చి చూపించాడు. ముడి కనబడకూడదు, లావు కాకూడదు, వంద టబ్బుల బరువుకు జారకూడదు. అది నేర్పడానికి వచ్చిన ఫోర్‌మన్, ఇతను వారంలో నేర్చుకున్నాడేమిటని ఆశ్చర్యపోయాడట.

“వారం ఎందుకు?” అంది అత్త. “ఆరేండ్ల పొడువు అవ్వ పక్కన కూసుండి, బూడిద అద్దుకుని పడుగు పోగులు అతికినోడు వీడు. ఒక్క చీరకు రెండు వేల పోగులు. ఇది ఒక్క తాడాయె.”

నేను నిమిషానికి నలభై ఐదు పదాలు కొడతాను. నా వేళ్లు చూసుకున్నాను. ఈ వేగం నా గొప్పే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

20 ఏప్రిల్

నాయినకు లీవు దొరికింది. కారణం ఏమని రాశావంటే ఇంట్లో శుభకార్యం అన్నాడు. రేపటి గురించి అందరికంటే నేనే ధైర్యంగా ఉన్నాను. అన్నం మాత్రం తినబుద్ధి కాలేదు.

21 ఏప్రిల్, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికే లైన్ మధ్యలో రెండు గుంజలు పాతి పటం కట్టారు. నస్పూర్ నుంచి నలుగురు సాలె పెద్దలు వచ్చారు. అలీ చాచా తన ఇంట్లోని రెండు మంచాలూ బయట వేశాడు. మొన్ననే పండుగ అయింది కదా, కొత్త లుంగీలోనే ఉన్నాడు. అన్ని ఇళ్ల వాళ్లూ వచ్చి కూర్చున్నారు. చాచా చెప్పిన ఆ ఐదుగురు ఎవరో నేను కనిపెట్టాలని చూడలేదు. పక్క లైన్ వాళ్లు కూడా గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నాయిన వాళ్లను చూశాడు. నేనూ చూశాను. ఇప్పుడు కూడా వద్దంటే వద్దు నాయినా అని చెవిలో చెప్పాను. “కూసో,” అన్నాడు.

నర్సింగం తాత కట్టెతో ఒక్కో బొమ్మ చూపిస్తూ రెండు గంటలు కథ చెప్పాడు. తర్వాత వంశం ఎత్తుకున్నాడు. మంథనికి నడిచిన ఆయన వచ్చాడు, దొర మీద అలిగిన ఆయన వచ్చాడు, తాత ఓదెలు వచ్చాడు. ఓదెలు పేరు రాగానే అత్త కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. పలకడం నాయిన వంతే కాబట్టి ఎవరూ అందించకూడదని నర్సింగం తాత ముందే మాకు చెప్పి ఉంచాడు.

“ఓదెలు కొడుకు ఆడెపు రాయమల్లూ!”

జనం అంతా తలలు తిప్పి చూశారు. ఎవరా రాయమల్లు అని. నాయిన కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన భయపడి ఊరుకోలేదు. నిజంగానే వెనక్కి చూశాడు, ఎవరో లేస్తారేమో అని. ఇరవై ఆరేళ్లు ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అమ్మ పిలవదు, నాకు తెలియదు, చాచా సదయ్యా అనే అంటాడు. మనిషికి తన పేరు వినే అలవాటు పోయింది.

“ఆడెపు రాయమల్లూ!” రెండోసారి. నాయిన మళ్లీ గోడ వైపు చూశాడు. నస్పూర్ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడోసారికి కూడా పలకకపోతే అయిపోయినట్టే. నా నోరు ఎప్పుడూ ఊరుకోదు, ఈ రోజు మాత్రం చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తాత రాగం ఆపేశాడు. కట్టె పక్కన పెట్టాడు. ఇంట్లో మనిషిని అన్నానికి పిలిచినట్టు మామూలు గొంతుతో అన్నాడు. “రాయమల్లూ...”

నాయిన భుజాలు కదిలాయి. లేచాడు. “ఉన్న,” అన్నాడు, గాలి తప్ప మాట బయటికి రాలేదు. ఒకసారి దగ్గి మళ్లీ అన్నాడు. ఈసారి గోడ దగ్గరి వాళ్లకు కూడా వినబడింది. “ఉన్న. ఆడెపు రాయమల్లును నేనే. ఈడ్నే ఉన్న.”

అత్త ఒక్కతే, “ఇన్నరా?” అంది నస్పూర్ పెద్దలతో. ఇరవై ఏళ్ల కోపం ఆ ఒక్క మాటలో తీర్చుకుంది.

“రాయమల్లు సంతానం?” అన్నాడు తాత.

“ఒక్కతే. సారలమ్మ.”

“ఆడపిల్ల పేరు వంశంల చెప్పుడు లేదు రాయమల్లూ.”

“నా పేరు ఇంతకాలం దాసిన. నా బిడ్డ పేరు దాయ. చెప్తె ఇద్దరిదీ చెప్పు, లేకుంటె పటం చుట్టు.”

ఇది నాయిన అన్న మాట. నేను నేర్పింది కాదు. తాత పెద్దల వైపు చూశాడు, వాళ్లు నేల చూపులు చూశారు. అప్పుడు అత్త మళ్లీ లేచింది. “దాంతోని నా పేరు గూడ కలుపు. ముసల్దాన్నయిన, ఇంకెప్పుడు కలుపుతవ్?” అంది. లైన్ అంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు, నవ్వుతూనే కట్టె అందుకున్నాడు.

ఓదెలుకు లస్మవ్వ, రాయమల్లు. రాయమల్లుకు సారలమ్మ. నా పేరు ఆ రాగంలో సరిగ్గా ఇమడలేదు. మొదటిసారి కదా, తాత రెండుసార్లు పాడి సరిచేసుకున్నాడు. తర్వాత ఆయన ఏం పాడాడో నాకు వినబడలేదు. నాయిన కూర్చోవడం మరిచిపోయి, పటం చుట్టేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.